బ్యారన్ కిటికీ మూసేదెప్పుడు? తెరిచేదెప్పుడు?

మాఘం వెళ్లి ఫాల్గుణం వచ్చేసరికి టంగుటూరు, కొండపి చుట్టుపక్కల ఏ ఊరి పొలిమేరలో చూసినా బ్యారన్ గొట్టాల నుంచి పొగ లేస్తూ ఉంటుంది. రాత్రివేళ రోడ్డు మీద పోయేవారికి పొయ్యి నోళ్లు ఎర్రగా కనబడతాయి. పచ్చాకు కోత ఒక పక్క, అల్లకం ఒక పక్క, నిప్పు కాపలా ఒక పక్క. ఊరంతా పగలూ రాత్రీ తేడా లేకుండా మేలుకుని ఉండే కాలమది. ఆ కాలంలో టీకొట్టు దగ్గర వినబడే మాట ఒక్కటే, కట్టెల ధర. సుబాబుల్ టన్ను ఎంత, సర్కారు తుమ్మ ఎంత, జామాయిలు ఎంత, లారీ కిరాయి ఎంత, దింపుడు కూలి ఎంత అన్న లెక్కలే.

రైతు గోడు అబద్ధం కాదు. పొగాకు సాగు ఖర్చులో ఆకును కాల్చే ఖర్చు చిన్నది కాదు. ఒకప్పుడు సింగరేణి బొగ్గు వాడిన బ్యారన్లు కూడా తరువాత కట్టెకే వచ్చాయి. అయితే కట్టె ధర మీద పెట్టిన దృష్టిలో సగమైనా, కొని తెచ్చిన కట్టె ఏమైపోతున్నదన్న దాని మీద పెట్టినవారు కనబడరు. పొయ్యిలో వేసిన కట్టె ఎటూ కాలుతుంది. దాని వేడి ఆకుకు చేరుతున్నదా, ఆకాశానికి పోతున్నదా అన్నది ఎవరు చూస్తున్నారు?

లెక్క వేసి చూడడం కష్టమేమీ కాదు. వంద కిలోల పచ్చాకు బ్యారన్‌కు ఎక్కితే ఇంచుమించు 15 కిలోల ఎండాకు దిగుతుంది. పోయినదంతా దాదాపు నీరే. అంటే ఒక కిలో ఎండాకు కోసం అయిదున్నర కిలోల నీటిని ఆవిరి చేసి బయటకు పంపాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. అయిదున్నర కిలోలకు 3,200 అనుకోవచ్చు. బాగా ఎండిన కట్టె ఒక కిలో కాలితే వచ్చే వేడి ఇంచుమించు 3,500. కాగితం మీద చూస్తే కిలో ఆకుకు కిలో కట్టె చాలాలి. కాని సాధారణ బ్యారన్‌లో పడుతున్నది 4 నుంచి 6 కిలోలు. గోడలు వేడెక్కడానికి కొంత పోతుంది, పొగగొట్టం లాగడానికి కొంత పోక తప్పదు. అవన్నీ ఒప్పుకున్నా అయిదు కట్టెల్లో మూడు కట్టెలు ఎవరికీ పనికిరాకుండా పోతున్నాయన్న మాట. చిల్లు కుండను నెత్తిన పెట్టుకుని బావి దూరమని తిట్టుకున్నట్టు ఉన్నది వ్యవహారం.

ఈ వేడి పోయే దారులు రెండు. ఒకటి గాలి వెంట పోయేది. రెండోది సెగ రూపంలో పోయేది. ఈ రెండింటి స్వభావం వేరు. బ్యారన్ పనిలో పాతికేళ్లు పండినవారు కూడా ఈ రెండింటినీ కలిపి ‘వేడి’ అని ఒకే మాటతో సరిపెట్టడం వల్లనే సగం నష్టం జరుగుతోంది.

ముందు గాలి సంగతి. బ్యారన్ గోడకు అడుగున కొన్ని కిటికీలు, పైకప్పు దగ్గర కొన్ని వెంటిలేటర్లు ఉంటాయి. అవి అలంకారానికి పెట్టినవి కావు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, దాని చోటులోకి కింద నుంచి చల్లగాలి వస్తుంది. పైది తెరిచి కిందిది మూస్తే గాలి రాదు. కిందిది తెరిచి పైది మూస్తే తేమ గాలి లోపలే తిరుగుతుంది. రెండూ కలిసి పనిచేస్తేనే ఆకు వదిలిన ఆవిరి బయటకు పోతుంది. ఇంతవరకు ఏ రైతుకైనా తెలుసు. ఎప్పుడు ఎంత తెరవాలన్న దగ్గరనే చిక్కు వస్తున్నది.

ఆకు పండే దశలో, అంటే మొదటి ఒకటి రెండు రోజులు, వేడి 90 నుంచి 105 ఫారన్‌హీట్ డిగ్రీల లోపల ఉండాలి. కిటికీలు మూసి ఉండాలి. అప్పుడు ఆకు ఇంకా బతికే ఉంటుంది. లోపలి పిండి పదార్థం పంచదారగా మారి, పచ్చ పోయి పసుపు వస్తుంది. ఆ దశలో తొందరపడి మంట పెంచితే ఆకు పండకముందే చచ్చి, పచ్చదనం అలాగే నిలిచిపోతుంది. తరువాత రంగు నిలిపే దశ. వేడి మెల్లగా 120, 125 డిగ్రీలకు పెరగాలి. కిటికీలన్నీ బాగా తెరవవలసింది ఇప్పుడే. కట్టె కలిసివస్తుందని ఇప్పుడు కిటికీ మూసినవాడి ఆకు తేమలో మగ్గి గోధుమరంగు తిరుగుతుంది. తడి ఆరకముందే మంట ఎగదోసినవాడి ఆకు ఉడికి నల్లబడుతుంది. వారం రోజుల కష్టం వేలంలో అడుగు గ్రేడుకు పోయేది ఈ కొద్ది గంటల్లోనే. ఆ తరువాత ఆకు ఎండేకొద్దీ, 140 డిగ్రీలకు పోయేకొద్దీ కిటికీలు కొంచెం కొంచెంగా మూసుకుంటూ రావాలి. చివరన ఈనె ఎండే దశలో వేడి 160 డిగ్రీలు. అప్పటికి ఆకులో నీరు దాదాపు లేదు, పంపవలసిన ఆవిరి లేదు. కిటికీలు పూర్తిగా మూయాలి.

ఎన్ని బ్యారన్లలో ఈ ప్రకారం జరుగుతున్నది? తలుపు బద్దలు విరిగి మూయడానికి రాని కిటికీలు ఒకచోట. గోనెసంచి కుక్కిన వెంటిలేటర్లు ఒకచోట. తాడు తెగిపోయి, పైకి ఎక్కేవాడు లేక, సీజనంతా తెరిచే ఉండే కిటికీలు మరొకచోట. ఈనె ఎండే దశలో పై కిటికీ జానెడు తెరిచి ఉంటే పొయ్యిలో వేసిన కట్టె నేరుగా ఆకాశానికి పోతున్నట్టే. ఆ సమయంలో నిప్పు కాపలావాడు వేడి ఎక్కడం లేదని మరో నాలుగు దుంగలు తోస్తాడు. ఇంటి యజమాని ఉదయం వచ్చి కట్టె నాణ్యత లేదని అడితివాణ్ణి తిడతాడు.

థర్మామీటరు ఒకటి చాలదు. పక్కన తడిగుడ్డ చుట్టిన రెండో థర్మామీటరు కూడా ఉండాలి. రంగు నిలిపే దశలో తడిగుడ్డ థర్మామీటరు సుమారు 105 డిగ్రీలు దాటిందంటే లోపల తేమ ఎక్కువైందని, కిటికీ ఇంకా తెరవాలని అర్థం. మరీ తగ్గిందంటే అవసరానికి మించి తెరిచి వేడి పారబోసుకుంటున్నామని అర్థం. ఈ రెండో థర్మామీటరు ఖరీదు ఒక మోపు కట్టె ఖరీదుకు మించదు. అయినా గోడలోకి చెయ్యి పెట్టి చూసి, ముక్కుతో వాసన పట్టి చెప్పే పెద్దల మాట మీదనే అంతా నడుస్తున్నది. ఆ పెద్దల అనుభవాన్ని తక్కువ చేయడం తగదు. కాని ఆ అనుభవం ఉన్నవారు ఊరికి ఇద్దరు ముగ్గురు మిగిలారు. వారు నాలుగు బ్యారన్ల మధ్య పరుగులు పెడుతుంటే నడిరాత్రి కిటికీ దగ్గర ఉండేది కొత్తగా వచ్చిన కుర్రవాడే.

ఇక సెగ సంగతి. ఎండలో నిలబడినప్పుడు ఒంటికి తగిలేది గాలి వేడి ఒక్కటే కాదు. అదే గాలి చెట్టు నీడలో కూడా ఉంటుంది కదా! సూర్యుడి నుంచి నేరుగా వచ్చి తగిలేదే సెగ. బ్యారన్ అడుగున పరిచిన ఇనుపరేకు గొట్టాలు చిన్న చిన్న సూర్యుళ్లు. గాలితో పని లేకుండా ఎదురుగా ఉన్నదానికి నేరుగా వేడి తగిలిస్తాయి. ఇందులో ఒక మర్మం ఉన్నది. గొట్టం వేడి 200 సెంటిగ్రేడు డిగ్రీల నుంచి 400కు పెరిగితే దాని సెగ రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. పొయ్యి పక్కనున్న గొట్టం ముక్క ఎర్రబడిన రాత్రి, దాని పైన వేలాడే అడుగు వరస ఆకు మాడిపోతుంది. అవతలి మూలనున్న ఆకు ఇంకా పండుతూనే ఉంటుంది. ఒకే బ్యారన్‌లో ఒకే రోజు ఎక్కించిన ఆకు మూడు రంగుల్లో దిగడానికి కారణం దిష్టి కాదు.

పొయ్యి దగ్గరి గొట్టం మీద మందమైన రేకు గాని, ఇటుకల కప్పు గాని వేస్తే ఆ సెగ ఆగి, వేడి గాలిగా మారి అంతటా పాకుతుంది. గొట్టాలకు పైన ఇనుప వల పరచడం మరీ ముఖ్యం. ఎండిన ఆకు ఒక్కటి కర్ర మీద నుంచి జారి కాలుతున్న గొట్టం మీద పడితే చాలు, నిముషాల్లో బ్యారన్ మొత్తం అంటుకుంటుంది. బ్యారన్ కాలిపోయిందన్న వార్త ఈ పేజీలో చదవని సీజను ఏదైనా ఉన్నదా? చివరి దశలో, ఆకంతా గలగలలాడుతూ ఉన్నప్పుడే ఇది జరుగుతుంది గనుక ఆ నష్టం పచ్చాకు నష్టం కాదు, చేతికి వచ్చిన సొమ్ము నష్టం. ఆ వల లేకుండా నిప్పు వేయడమంటే గడ్డివామి పక్కన కూర్చుని చుట్ట కాల్చుకోవడమే.

గొట్టాలకు తుప్పు పట్టి చిల్లులు పడినప్పుడు జరిగేది ఇంకా చెడ్డది. పొగ ఆకుకు పట్టి వాసన మారడం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. సరిగా కాలని కట్టె నుంచి కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కిటికీలు మూసి ఉన్న దశలో చిల్లుగొట్టం ఉన్న బ్యారన్‌లోకి ఆకు చూడడానికి వెళ్లిన మనిషికి తల దిమ్మెక్కి కాళ్లు తేలిపోతే, అది ఆకు ఘాటు అనుకుని ఊరుకుంటున్నారు. లోపలికి ఒక్కడే వెళ్లరాదు. తలుపు తెరిచి కొంతసేపు ఆగి, బయట ఇంకొకరిని నిలబెట్టి వెళ్లాలి. ఇది ఖర్చులేని పని.

ఈ పసుపు ఆకు పుట్టుకే ఒక నిప్పు కాపలావాడి కునుకుపాటు నుంచి వచ్చిందంటారు. 1839లో అమెరికాలోని నార్త్ కరోలినాలో స్టీఫెన్ అనే నల్లజాతి బానిస యువకుడు బ్యారన్ దగ్గర నిద్రపోయాడు. మేలుకునేసరికి నిప్పు ఆరిపోవచ్చింది. యజమానికి భయపడి కమ్మరి కొలిమి బొగ్గు తెచ్చి పోశాడు. ఒక్కసారిగా వచ్చిన వేడికి ఆకు బంగారు రంగు తిరిగింది. యజమానికి లాభం వచ్చింది. స్టీఫెన్ బానిసగానే ఉన్నాడు. నేలమీద నిప్పు వేసే పద్ధతి పోయి, పొగ ఆకుకు తగలకుండా గొట్టాల గుండా పంపే పద్ధతి తరువాత స్థిరపడింది. 1920వ దశకంలో గుంటూరు ప్రాంతానికి వర్జీనియా పొగాకుతో పాటు వచ్చినది ఆ విద్యే. నూరేళ్లలో ఆకు రకాలు మారాయి, ఎరువులు మారాయి, వేలం పద్ధతి మారింది. పొయ్యి ముందు కూర్చునే మనిషి పరిస్థితి మాత్రం పెద్దగా మారలేదు.

అతడి సంగతి చెప్పుకోవాలి. మార్చి, ఏప్రిల్ ఎండల్లో, రేకు పంచ కింద, పొయ్యి నోటికి ఎదురుగా అయిదారు రోజులు వరుసగా ఉండేవాడు ఇతడు. ముందు నుంచి పొయ్యి సెగ, నెత్తి మీద నుంచి రేకు సెగ. ఫ్యాను పెట్టారు కదా అని యజమాని అనవచ్చు. ఫ్యాను గాలి చెమటను ఆర్పుతుందే గాని సెగను ఆపలేదు. సెగకు అడ్డం కావాలి. పొయ్యి నోటికి ఇనుప తలుపు ఉండి, కట్టె వేసేటప్పుడు తప్ప మూసి ఉంచితే మనిషికి సగం బాధ పోతుంది. తెరిచిన నోట్లోంచి చల్లగాలి అధికంగా దూరి వేడిని పొగగొట్టంలోకి తరిమివేయడం కూడా ఆగుతుంది. మనిషికి మంచిదీ కట్టెకు మంచిదీ ఒకటే అయినచోట కూడా తలుపు లేకపోవడం లోభం కాదు, అశ్రద్ధ. నడుమెత్తు మట్టిగోడ అడ్డం కట్టి, దాని వెనుక కుండ నీళ్లు, ఒక మంచం వేయిస్తే యజమాని ఆస్తి ఏమీ తరిగిపోదు.

ఆకు బ్యారన్ దిగిన తరువాత గ్రేడింగు షెడ్లు వస్తాయి. అక్కడ కూర్చునేది దాదాపు అందరూ ఆడవారే. ఇక్కడ చిక్కు మరో రకం. ఎండాకు మరీ పొడిగా ఉంటే చేతిలో పెళపెళా విరిగిపోతుంది. అందుకని మెత్తబరిచిన ఆకు ఆరిపోకుండా షెడ్డు కిటికీలు మూసేస్తారు, ఫ్యాన్లు కట్టేస్తారు. పైన రేకు, లోపల దుమ్ము, ఉక్క. పది గంటలయ్యేసరికి రేకు నుంచి సెగ తల మీద దిగడం మొదలవుతుంది. ఆకు మెత్తదనం కాపాడాలన్న యజమాని కోరిక న్యాయమే. అయితే కిటికీ తెరవకుండా కూడా రేకు సెగ తగ్గించవచ్చు. రేకు మీద తెల్లగా సున్నం కొట్టించినా, రేకు కింద మూరెడు ఎడం వదిలి తాటాకు గాని వెదురు తడక గాని తట్టు కట్టించినా, ఆ ఎడంలో రెండు చివరలా గాలి పోయే సందులు ఉంచినా లోపలి వేడిలో తేడా ఆ రోజే తెలుస్తుంది. పెంకుటింట్లో అటక ఎందుకు కట్టారో పెద్దలకు తెలుసు. షెడ్డు కట్టినప్పుడు ఆ బుద్ధి ఏమైపోయింది? పని తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ముగించి, దుమ్ము లేచే దులుపుడు పని ఆరుబయట చేయిస్తే ఆకూ నిలుస్తుంది, మనిషీ నిలుస్తుంది.

చట్టం లేదా అంటే, ఉన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షనులోనే పనిచేసే గదికి గాలి రావాలని, గోడలు, పైకప్పు వేడిని లోపలికి తేని విధంగా ఉండాలని, వేడి పుట్టే చోటును పనివారికి దూరంగా గాని అడ్డం పెట్టి గాని ఉంచాలని రాశారు. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడు అమలులోకి వచ్చింది. అందులోనూ గాలి, వేడి, దుమ్ము ప్రస్తావన ఉన్నది. కాని పాత చట్టం కరెంటు వాడే చోట 10 మంది, వాడని చోట 20 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది. కొత్త కోడు ఆ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. పది పదిహేనుమంది ఆడవారు కూర్చునే ఊరి షెడ్డు ఈ లెక్కలో ఎక్కడ పడుతుంది? రైతు పొలంలోని బ్యారన్ అయితే ఎప్పుడూ ఫ్యాక్టరీ లెక్కలోకి రానే లేదు. కనుక ఇక్కడ ఇన్‌స్పెక్టరు వస్తాడని ఎదురుచూడడం వృథా.

మరమ్మతు ఎందుకు జరగడం లేదన్న ప్రశ్నకు అసలు జవాబు మరొకచోట ఉన్నది. అనేక బ్యారన్లు కౌలు మీద నడుస్తున్నాయి. లైసెన్సు ఒకరిది, నిప్పు మరొకరిది. కౌలు సొమ్ము చేతికి వచ్చిన యజమానికి కట్టె ఎంత కాలినా బాధ లేదు. వచ్చే ఏడు ఈ బ్యారన్ తనకు దక్కుతుందో లేదో తెలియని కౌలుదారు, పరాయి గోడకు సిమెంటు పూయించడు. ఇద్దరి మధ్య కిటికీ తలుపు ఊడిపోతూనే ఉంటుంది. గొట్టాలు, కిటికీలు, పైకప్పు బాగు చేసి అప్పగించడం యజమాని బాధ్యత అని కౌలు మాట్లాడుకునే రోజునే పెద్దల ముందు అనుకోవాలి. యజమాని చేయనంటే ఆ ఖర్చు కౌలులో తగ్గించుకునే ఏర్పాటు ఉండాలి. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడిన పొగాకు బోర్డు దగ్గర రైతు నమోదు కావాలి, బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సుకు మళ్లీ ముద్ర పడే ముందు గొట్టాలకు చిల్లులు లేవని, ఇనుప వల ఉన్నదని, కిటికీలు మూసుకుంటున్నాయని ఒకరు కళ్లతో చూసి సంతకం పెట్టడాన్ని తప్పనిసరి చేస్తే ఈ కౌలు పేచీ సగం తీరుతుంది. కట్టెలకు సబ్సిడీ ఇమ్మని అడిగే రైతు నాయకులు ఈ సంగతి కూడా అడిగితే బాగుంటుంది. సబ్సిడీ కట్టె కూడా ఆ కిటికీలోంచే పోతుంది కదా!

పొగాకే వద్దు, ఇంకో పంట వేసుకోండి అనేవారి వాదం వేరు, దానికి బలమూ ఉన్నది. కాని ఈ ఏడు నాట్లు వేసినవారి ఆకు ఈ ఏడు కాలవలసిందే. మూడు వేల కిలోల ఆకు అమ్మే రైతు కిలోకు 5 చొప్పున 15 టన్నుల కట్టె కాలుస్తున్నాడు. కిలోకు ఒక్క కిలో తగ్గినా 3 టన్నులు మిగులుతుంది. మేస్త్రీ రెండు రోజుల కూలి, ఒక బస్తా సిమెంటు, రెండు మూడు గొట్టం ముక్కలు, కిటికీలకు కొత్త బద్దలు ఆ 3 టన్నుల ఖరీదులో సర్దుకుంటాయి. కట్టె కూడా కొన్న రోజే కాల్చకుండా నాలుగు నెలల ముందు కొని చీల్చి ఆరబెడితే మరికొంత కలిసివస్తుంది. పచ్చికట్టెలో వేడి కొంత దాని తడి ఆరడానికే పోతుంది.

నాట్లు అయిపోయి, కోత మొదలుకాక, బ్యారన్ ఖాళీగా పడి ఉండే నెలరోజులు ఈ పనికి తగిన కాలం. చీకటి రాత్రి చూసి బ్యారన్ లోపల నేల మీద పెద్ద లైటు వెలిగించి, తలుపు, కిటికీలు అన్నీ మూసి, బయట చుట్టూ ఒకసారి తిరగాలి. గోడ పగులులో, చూరు కింద, కిటికీ బద్ద సందులో వెలుగు కనబడిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టి, తెల్లవారి మేస్త్రీకి ఆ గీతలు చూపించాలి.